ఆదివారం సాయంత్రాల కడుపునొప్పి

ప్రశ్న: మాకు విడాకులై ఎనిమిది నెలలైంది. పాపకు ఎనిమిదేళ్ళు, నా దగ్గరే ఉంటుంది. శనివారం పొద్దున వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్తారు, ఆదివారం సాయంత్రం దింపి వెళ్తారు. దింపిన దగ్గర్నుంచి ఒకటే ఏడుపు. కడుపునొప్పి అంటుంది, ఏమీ తినదు. అక్కడ ఎలా గడిచిందని అడిగితే "ఏం బాలేదు" అంటుంది. కానీ మొన్న ఆయన పంపిన ఫొటోల్లో పకపకా నవ్వుతోంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. "నేను బాగా చదివితే నాన్న మన ఇంటికి వచ్చేస్తాడా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక "చూద్దాంలే" అన్నాను. క్లాసులో ఎవరితోనూ కలవడం లేదని టీచర్ చెప్పారు. ఆయన దగ్గర నిద్రకూ ఫోన్‌కూ ఒక వేళంటూ ఉండదు. అంతకుమించి పాపను ఇబ్బంది పెట్టేదేమీ లేదు. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆయన మీద కోపాన్ని పాప ముందే వెళ్ళగక్కుతుంది. "పిల్ల కుదుటపడేదాకా కొన్నాళ్ళు పంపడం ఆపెయ్" అంటోంది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. పాప జీవితాన్ని నేనే పాడుచేశానా? పంపడం ఆపితే మంచిదా?
— ఒక తల్లి

సమాధానం: మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పంపడం ఆపకండి. ఆపితే పాపకు ఇప్పుడున్న దుఃఖానికి ఇంకొకటి తోడవుతుంది.

ఆదివారం సాయంత్రం బిడ్డ ఏడుస్తూ ఇంట్లోకి వస్తే, అక్కడేదో జరిగి ఉంటుందని ఏ తల్లికైనా అనిపిస్తుంది. కానీ ఆ కాసేపట్లో పాప ఏం చూస్తోందో ఒక్కసారి ఆలోచించండి. వారమంతా తనకు అమ్మ ఉంటే నాన్న ఉండడు. సెలవు రోజుల్లో నాన్న ఉంటే అమ్మ ఉండదు. ఇద్దరూ ఒకేచోట కనిపించేది ఆ గుమ్మం దగ్గర మాత్రమే. మరు నిమిషంలో ఒకరు వెళ్ళిపోతారు. అంటే ఎనిమిది నెలల క్రితం మీరు విడిపోవడం ఆ పిల్లకు ప్రతి వారం కళ్ళ ముందు మళ్ళీ జరుగుతోంది. అది నాన్న దగ్గరికి వెళ్ళడం వల్ల వచ్చిన ఏడుపు కాదు, నాన్నను వదిలి రావడం వల్ల వచ్చిన ఏడుపు. శనివారం పొద్దున బయల్దేరేటప్పుడు కూడా తను కాస్త ముభావంగా ఉంటుందేమో గమనించండి. ఉంటే నేను చెప్పేది మీకే తెలుస్తుంది.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 9వ అధికరణం, తల్లిదండ్రుల్లో ఒకరికి దూరంగా ఉంటున్న బిడ్డకు ఇద్దరినీ క్రమం తప్పకుండా కలుసుకునే హక్కు ఉందంటుంది. బిడ్డ మేలుకు విరుద్ధమైతే తప్ప ఆ హక్కుకు అడ్డు లేదు. ఆ మాటలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. అది పాప హక్కు. మీరు దయతలచి ఇచ్చేదీ కాదు, ఆయన గెలుచుకునేదీ కాదు. ఆయన మంచి భర్త కాకపోయి ఉండవచ్చు, ఆ లెక్క మీ ఇద్దరిది. పాపకు ఆయన నాన్న.

ఒకవేళ కొట్టడం, తాగి బండి నడపడం, తాకరాని చోట తాకడం, మీకు చెప్పొద్దని బెదిరించడం వంటివేవైనా పాప మాటల్లో వినిపిస్తే, ఇప్పటిదాకా నేను చెప్పినదంతా పక్కన పెట్టండి. అప్పుడు పాప భద్రత ముందు, కలుసుకోవడాలు తర్వాత. వెంటనే వకీలుతో, పిల్లల డాక్టర్‌తో మాట్లాడాలి. మీ ఉత్తరంలో అలాంటి సూచన ఏదీ లేదు. మీకున్న ఫిర్యాదు నిద్ర వేళ గురించీ ఫోన్ గురించీ. అది చిరాకు తెప్పించే విషయమే, ప్రమాదం మాత్రం కాదు. రెండు ఇళ్ళలో రెండు పద్ధతులుంటే పిల్లలు అలవాటు పడతారు. స్కూల్లో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండటం వాళ్ళకు ఎలాగూ తెలుసు.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయానికి వస్తాను. అది ఏడుపూ కాదు, పక్క తడపడమూ కాదు. ఫొటోలో పకపకా నవ్విన పిల్ల మీ దగ్గరికి వచ్చి "ఏం బాలేదు" అనడం. దాన్ని అబద్ధం అనకండి. ఎనిమిదేళ్ళ పిల్ల మీ మొహాన్ని మీకంటే బాగా చదువుతుంది. నాన్న దగ్గర సంతోషంగా గడిపానంటే అమ్మ మొహం ఒక్క క్షణం మారుతుందని, బాలేదంటే అమ్మ దగ్గరికి తీసుకుంటుందని తను కనిపెట్టేసి ఉంటుంది. బహుశా అక్కడ నాన్నతో కూడా అమ్మ దగ్గర అంత బాగుండదనే చెబుతూ ఉండవచ్చు. ఇద్దరినీ నొప్పించకుండా చూసుకోవడం తన పని అనుకుంటోంది. తన సంతోషాన్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి రహస్యంగా మోసుకొస్తోంది. ఆదివారం వచ్చే కడుపునొప్పికి కారణం చాలావరకు ఈ టెన్షనే అయి ఉంటుంది. ఆ నొప్పి నటన కాదు, నిజంగానే నొప్పి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు విడిపోయిన 10 నుంచి 18 ఏళ్ళ పిల్లలతో మాట్లాడి చేసిన అధ్యయనం ఒకటి 1991లో వచ్చింది. బుకానన్, మాకోబీ, డోర్న్‌బుష్ అనే ముగ్గురు చేశారు. అమ్మానాన్నల మధ్య ఇరుక్కుపోయినట్టు ఎవరికి అనిపిస్తోంది అన్నది వాళ్ళ ప్రశ్న. తల్లిదండ్రులు తగాదా పడుతూ ఉంటే, రెండిళ్ళ మధ్య తిరిగే పిల్లలకే ఆ బాధ ఎక్కువగా ఉంది. అదే తల్లిదండ్రులు ఒకరికొకరు సహకరించుకుంటూ ఉంటే, ఆ రెండిళ్ళ పిల్లలకే అది అందరికంటే తక్కువగా ఉంది. అలా ఇరుక్కున్నామనుకున్న పిల్లల్లోనే దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపించాయి. మీ పాప వాళ్ళకంటే చిన్నది, అయినా పాఠం మాత్రం మీకు పనికొస్తుంది. ఎన్ని రోజులు ఎక్కడ ఉంది అన్న లెక్క కన్నా, రెండిళ్ళ మధ్య దారి ఎలా ఉంది అన్నదే పిల్లలకు ముఖ్యం.

కాబట్టి పాప తిరిగి రాగానే అడిగే ప్రశ్న మార్చండి. నిజానికి మొదటి అరగంట ఏమీ అడగకండి. స్నానం చేయనివ్వండి, తనకు నచ్చిన మూల కూర్చోనివ్వండి, మీరు పక్కనే ఏదో పని చేసుకుంటూ ఉండండి. తర్వాత తనంతట తను నాన్న సంగతి ఎత్తితే, "అబ్బ, భలే ఉందే! నాన్నతో ఆడుకున్నావా? నాకు సంతోషంగా ఉంది" అనండి. మొదట్లో ఈ మాట గొంతులో అడ్డం పడుతుంది, నాకు తెలుసు. అయినా అనండి. నాన్నను ప్రేమించడానికి అమ్మ అనుమతి దొరికిందని తనకు అర్థం కావాలి. ఒక్కసారి చెబితే నమ్మదు. పదిసార్లు మీ మొహం చూసి, ఆ తర్వాత నమ్ముతుంది. నాన్న ఫొటో ఒకటి తన గదిలో పెట్టుకోనివ్వండి. మీరు లేని చోట దాచుకుని చూసుకునే పరిస్థితి రాకూడదు.

అడగకూడని ప్రశ్నలు కొన్నున్నాయి. నాన్న ఇంటికి ఎవరొచ్చారు, నా గురించి ఏమన్నాడు, కొత్తగా ఏం కొన్నాడు, ఇలాంటివి. వీటికి జవాబు చెప్పిన ప్రతిసారీ తను నాన్నకు ద్రోహం చేశాననుకుంటుంది. చెప్పకపోతే మీకు. అలాగే "ఫీజు కట్టమని మీ నాన్నతో చెప్పు" వంటి మాటలు పాప చేత పంపకండి. ఎంత చిన్న విషయమైనా మీరే ఆయనకు మెసేజ్ పెట్టండి. మాట్లాడుకోవడం కష్టమైతే మెసేజ్‌లే చాలు, అందులో పాప చదువు, ఆరోగ్యం, రాకపోకల వేళలు తప్ప ఇంకేమీ రాకుండా చూసుకోండి.

ఇంకొకటి, ఇది చాలామంది మంచి మనసుతోనే చేస్తారు. "ఈ వారం నాన్న దగ్గరికి వెళ్తావా, వద్దా? నీ ఇష్టం" అని అడుగుతారు. దయచేసి అడగకండి. పిల్ల మాట వినడం వేరు, ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమని అడగడం వేరు. ఏ బొమ్మ తీసుకెళ్ళాలి, మధ్యలో మీకు ఏ వేళ ఫోన్ చేయాలి, ఇవి తననే అడగండి. వెళ్ళడం మాత్రం పెద్దవాళ్ళు నిర్ణయించిన విషయంగానే ఉండాలి. అప్పుడు తన మీద ఆ భారం పడదు.

గుమ్మం దగ్గరి ఏడుపుకు చిన్న మార్పు ఒకటి సూచిస్తాను. ఆయన ఒప్పుకుంటే ఆదివారం రాత్రి కూడా పాప అక్కడే ఉండి, సోమవారం పొద్దున ఆయనే స్కూల్లో దింపవచ్చు. సాయంత్రం మీరు తెచ్చుకుంటారు. అప్పుడు ఒకరిని చూస్తూ ఇంకొకరిని వదిలే ఆ నిమిషం ఉండదు. స్కూలు మధ్యలో ఉండటం పిల్లలకు చాలా సాయపడుతుంది. ఇది కుదరకపోతే, దింపే చోట మాటలు తక్కువగా ఉండాలి. మీ ఇద్దరి లెక్కలు, వాదనలు అక్కడ తేల్చుకోవద్దు. నెల క్యాలెండర్‌లో నాన్న రోజులకు ఒక రంగు, అమ్మ రోజులకు ఒక రంగు పాప చేతే వేయించి గోడకు తగిలించండి. ఎప్పుడు ఎక్కడ ఉంటానో తెలిస్తే సగం దిగులు తగ్గుతుంది. బ్రష్షు, రాత్రి బట్టలు, కొన్ని పుస్తకాలు రెండిళ్ళలోనూ ఉండాలి, ప్రతిసారీ చుట్టంలా బ్యాగు సర్దుకుని వెళ్ళే బాధ తప్పుతుంది.

"నేను బాగా చదివితే నాన్న వచ్చేస్తాడా?" అన్న ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. మీరు "చూద్దాంలే" అన్నది పాపను ఏడిపించలేక అన్నారు. కానీ ఆ మాటతో తను రెండు విషయాలు అర్థం చేసుకుంటుంది. నాన్న తిరిగి వచ్చే అవకాశం ఉంది. అది నా చేతుల్లో ఉంది. ఈ వయసు పిల్లలు జరిగిన ప్రతిదానికీ తమలో కారణం వెతుక్కుంటారు. నేను అల్లరి చేశాను, మార్కులు తగ్గాయి, అందుకే నాన్న వెళ్ళిపోయాడు, ఇలా. జూడిత్ వాలర్‌స్టైన్, జోన్ కెల్లీ 1971లో కాలిఫోర్నియాలో 60 కుటుంబాల్లోని 131 మంది పిల్లలతో మొదలుపెట్టిన అధ్యయనంలో, సరిగ్గా మీ పాప ఈడు పిల్లల్లోనే వెళ్ళిపోయిన తండ్రి కోసం బెంగ, దుఃఖం చాలా గాఢంగా కనిపించాయి. మళ్ళీ అందరం కలుస్తామన్న ఆశ పిల్లల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆశ పెట్టుకున్నందుకు పాపను తప్పుపట్టకండి. ఆ ఆశకు మీరు ఊతం మాత్రం ఇవ్వకండి.

ఇలా చెప్పవచ్చు: "నాన్న, నేను మళ్ళీ ఒకే ఇంట్లో ఉండం. అది మేమిద్దరం పెద్దవాళ్ళం తీసుకున్న నిర్ణయం. నువ్వు ఏదో చేసినందుకు కాదు, నువ్వు ఏదో చేస్తే మారేదీ కాదు. నీకు ఫస్ట్ ర్యాంకు వచ్చినా, అసలు పరీక్షే తప్పినా, నాన్న నీకు నాన్నే, నేను నీకు అమ్మనే. నాన్న ఇక్కడ లేడని నీకు బాధగా ఉంది కదూ? ఉంటుంది. ఏడుపొస్తే ఏడువు, నేనిక్కడే ఉన్నాను." పాప ఏడుస్తుంది. ఏడవనివ్వండి. నెల తర్వాత మళ్ళీ అదే అడుగుతుంది. మళ్ళీ అదే చెప్పండి, అవే మాటల్లో. వీలైతే ఆయన కూడా ఇదే చెప్పేలా ముందుగా మాట్లాడుకోండి. ఎందుకు విడిపోయారని అడిగితే, "మా ఇద్దరికీ కలిసి ఉండటం కుదరలేదు, గొడవలు ఎక్కువయ్యాయి" అన్నంత వరకు చాలు. తప్పెవరిది అన్న వివరం ఎనిమిదేళ్ళ పిల్లకు అక్కర్లేదు.

మీ అమ్మగారి గురించి కొంచెం గట్టిగానే రాస్తున్నాను. కూతురు పడ్డ కష్టం చూసిన తల్లి ఆమె, ఆ కోపంలో ప్రేమ ఉంది. కానీ పాప ముందు ఆ కోపం రాకూడదు. పిల్లలు తమను సగం అమ్మగా, సగం నాన్నగా అనుకుంటారు. "మీ నాన్న మనిషే కాదు" అంటే ఆ మాట సగం తనకు తగులుతుంది. ఇక పాప మొండికేసినప్పుడు "అన్నీ వాళ్ళ నాన్న బుద్ధులే" అని ఎవరైనా అంటే, పూర్తిగా తనకే తగులుతుంది. నాన్నను పంపించేశారు కదా, నాలోనూ ఆయన బుద్ధులున్నాయి కదా, రేపు నన్నూ పంపించేస్తారా అని ఆ పిల్ల ఆలోచిస్తే మనం ఏం సమాధానం చెప్పగలం? అమ్మగారితో ఒంటరిగా, పాప నిద్రపోయాక మాట్లాడండి. "అమ్మా, నీ కోపం నాకు అర్థమవుతుంది. ఏదైనా అనాలనిపిస్తే నాతో అను, నేను వింటాను. దాని ముందు మాత్రం ఒక్క మాట కూడా వద్దు, దానికి తండ్రి కావాలి" అని చెప్పండి. ఒకసారి చెబితే మారకపోవచ్చు. ఆ మాట వచ్చిన ప్రతిసారీ అక్కడికక్కడే విషయం మార్చి, తర్వాత మళ్ళీ గుర్తుచేయండి. ఈ ఒక్క విషయంలో మొహమాట పడకండి.

పక్క తడపడం మనసు ఒత్తిడిలో ఉన్న పిల్లల్లో తరచు కనిపించేదే. అయినా ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించి, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి లేవని నిర్ధారించుకోండి. కడుపునొప్పి సంగతి కూడా అప్పుడే చెప్పండి. తిట్టడం, నలుగురిలో చెప్పడం వద్దు. దుప్పటి మార్చి, మామూలుగా "పర్లేదు, పడుకో" అంటే చాలు. ఆయన ఇంట్లో కూడా ఇలాగే ఉండాలని ఆయనకు తెలియజేయండి.

క్లాస్ టీచర్‌ను కలిసి ఇంటి పరిస్థితి రెండు ముక్కల్లో చెప్పండి. వివరాలు అవసరం లేదు. సోమవారాలు పాప డల్‌గా ఉండవచ్చని, నలుగురిలో అడగవద్దని, మాట్లాడే స్నేహితురాలి పక్కన కూర్చోబెట్టమని కోరండి. స్కూలు నుంచి వచ్చే సమాచారం మీ ఇద్దరికీ వెళ్ళేలా ఏర్పాటు చేయండి.

ఇక పాప జీవితం మీరు పాడుచేశారా అన్న ప్రశ్న. లేదు. అయితే ఊరడింపు కోసం విడాకులు పిల్లల మీద ఏ ప్రభావమూ చూపవని చెప్పలేను, అది నిజం కాదు. మేవిస్ హెదరింగ్టన్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో కొన్ని దశాబ్దాల పాటు ఇలాంటి కుటుంబాలను వెంబడించి చూశారు. విడాకులైన ఇళ్ళ పిల్లల్లో సుమారు 20 నుంచి 25 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు కనిపించాయి. కలిసి ఉన్న కుటుంబాల్లో అది 10 శాతం. అంటే ముప్పు పెరిగిన మాట నిజం. కానీ ప్రతి నలుగురిలో కనీసం ముగ్గురు పిల్లలు తేరుకుని మామూలుగానే ఎదిగారు. ఆమె గమనించిన ఇంకో విషయం, మొదటి ఏడాది అన్నిటికంటే గడ్డుకాలం. తల్లులు ఒకరోజు అతిగా ముద్దుచేసి, ఇంకోరోజు అతిగా కసురుకుంటారు. రెండో ఏడు గడిచేసరికి ఇల్లు చాలావరకు ఒక గాడిన పడుతుంది. మీకు అయింది ఎనిమిది నెలలే.

1991లోనే పాల్ ఆమటో, బ్రూస్ కీత్ అప్పటిదాకా వచ్చిన 92 అధ్యయనాలను కలిపి చూశారు. విడాకులైన ఇళ్ళ పిల్లలకూ మిగతావాళ్ళకూ మధ్య సగటున కనిపించిన తేడా చిన్నదే. అంతేకాదు, ఒకే ఇంట్లో ఉండి ఎప్పుడూ కొట్లాడుకునే తల్లిదండ్రుల పిల్లల స్థితి విడాకులైన ఇళ్ళ పిల్లల కన్నా అధ్వాన్నంగా ఉంది. మీ ఇంట్లో గొడవలు ఏ స్థాయిలో ఉండేవో మీరు రాయలేదు, కానీ అవి మీకు గుర్తుండే ఉంటాయి. అపరాధ భావం వల్ల ఒక నష్టం ఉంది. దానితో మనం పిల్లలకు అడిగిందల్లా ఇస్తాం, తప్పు చేసినా ఏమీ అనం. పాపకు ఇప్పుడు మీ ప్రేమ ఎంత కావాలో, నిద్రకు, చదువుకు, ఆటకు ఒక వేళ ఉండటం కూడా అంతే కావాలి.

మీరు ఏడవకూడదని నేను అనను. పాప చూస్తే, "అమ్మకు కాస్త బాధగా ఉంది, నీ వల్ల కాదు, తగ్గిపోతుంది" అని చెప్పండి. అంతకుమించి కష్టసుఖాలు చెప్పుకునే తోడు పాప కాకూడదు. ఆ తోడు మీ అక్కో, స్నేహితురాలో, కౌన్సెలరో కావాలి. నెలల తరబడి నిద్ర లేకపోవడం కూడా చిన్న విషయం కాదు, మీ కోసం మీరు డాక్టర్‌ను కలవండి.

రాబోయే రెండు మూడు నెలలు ఇవి చేసి చూడండి. అప్పటికీ పాప స్నేహితులకు దూరంగానే ఉన్నా, తిండి, నిద్ర, చదువు దెబ్బతింటూ ఉన్నా పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్ళండి. "నేను లేకపోతే బాగుండు" వంటి మాట అన్నా, తనను తాను గాయపరచుకున్నా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. వెళ్ళే ముందు పాపకు "నీకేదో అయింది" అని కాకుండా, "మనసులో మాటలు చెప్పుకోవడానికి ఒక డాక్టర్ ఉన్నారు, నేనూ నీతో వస్తాను" అని చెప్పండి. ఆయనకు కూడా కబురు పెట్టండి. వేరే రోజున వచ్చినా సరే, నిపుణులు ఆయనతో కూడా మాట్లాడాలి, ఎందుకంటే పాప వారంలో కొన్ని రోజులు ఆ ఇంట్లోనూ పెరుగుతోంది.